పసుపు గీత దాటినవాడి సద్ది

గద్వాల చుట్టుపక్కల గోదాముల్లో బరువులు పైకి లేపే రీచ్ ట్రక్కు నడిపిన మొదటి మనిషిని నేనే అని చాలా ఏళ్ళుగా చెప్పుకుంటూ తిరుగుతున్నాను. టీ హోటల్లో చెప్పాను. బస్సులో పక్క సీటువాళ్ళకు చెప్పాను. ఒకసారి కళ్ళ దవాఖానలో చుక్కలు వేయించుకుని కూర్చున్నప్పుడు, పక్కన ఎవరున్నారో కనబడకపోయినా చెప్పాను. బస్తాలను తాటిచెట్టంత ఎత్తుకు లేపేవాణ్ణి అంటే జనం నోరు తెరుచుకుని వింటారు.

తాటిచెట్టు ఎక్కువైంది. ఇంటి మీద ఇల్లు, దాని మీద ఒక చిన్న గది వేస్తే ఎంతో అంత. మొదటి మనిషిని అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఆ బండి మీద మొదట కూర్చున్నది నేను. నడిపింది మా బావ. కూర్చోవడానికీ నడపడానికీ మధ్య ఏం జరిగిందో చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాతి రోజులవి. అప్పటికి మాదంతా ఒకటే జిల్లా. గద్వాల అన్నా, వనపర్తి అన్నా, నాగర్‌కర్నూల్ అన్నా పాలమూరే. గద్వాల పొలాల్లో విత్తనపు పత్తి జోరుగా పండుతుండేది. ఆ విత్తనం నిలవ చేయడానికి ఒక కంపెనీ ఎర్రవల్లి చౌరస్తాకు పోయే దారిలో పెద్ద గోదాము కట్టింది. పాత గోదాముల్లో బస్తా మీద బస్తా పేర్చి నెట్లు కట్టేవాళ్ళం. ఇందులో అట్లా కాదు. ఇనుప ర్యాకులు, అంతస్తు మీద అంతస్తు. వాటి మధ్య ఎద్దులబండి మళ్ళలేనంత ఇరుకు సందులు. నేల అద్దంలా ఉంది. మొదటి రోజు మేమంతా గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి పోయాం. మేనేజర్ సారు మమ్మల్ని చూసి నవ్వాలో తిట్టాలో తెలియక ఊరుకున్నాడు. తర్వాత అందరికీ బరువైన బూట్లు ఇచ్చారు.

మా గుంపంతా హమాలీలు. జూరాల కట్ట మీదుగా అమరచింత వైపు నుంచి వచ్చినవాళ్ళం కొందరం, ఉప్పునుంతల నుంచి వచ్చి గద్వాలలో గదులు తీసుకున్నవాళ్ళు కొందరు. నేను అసలు ట్రాక్టర్ డ్రైవర్ని. ట్రాక్టర్ పని లేని రోజుల్లో బస్తాలు మోసేవాణ్ణి. ఈ మాట గుంపులో ఎవరి ముందు అన్నా "ఎప్పుడు మోసినవ్?" అని అడుగుతారు. సరే, మోసేవాళ్ళ పక్కన నిలబడి కుట్టు ఊడిన బస్తాలు చూపించేవాణ్ణి. అది కూడా ఒకరు చేయవలసిన పనే.

గుంపుకు మేస్త్రీ మా బావ, అంటే మా అక్క భర్త. గోదాము పనికి వచ్చిన రోజుల్లో నేను వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. బావ తక్కువ మాట్లాడతాడు. ఆదివారం చర్చికి పోతాడు, మిగతా రోజుల్లో బస్తాల కింద ఉంటాడు. ఆయన గుంపులో ఒక కట్టుబాటు పెట్టాడు. బస్తా జారితే నేలను తాకకూడదు. ఎవరి వీపు మీది బస్తా ఒరిగినా, దగ్గరున్నవాడు ఉరికి భుజం ఇవ్వాలి. ఇవ్వకుండా పక్కకు తప్పుకున్నవాడు ఆ మధ్యాహ్నం తన సద్ది తానొక్కడే తినాలి. బయటివాళ్ళకు ఇది పెద్ద శిక్షలా అనిపించదు. మేమంతా ఒక బట్ట పరిచి, అందరి జొన్నరొట్టెలూ అందరి పచ్చళ్ళూ మధ్యలో పోసుకుని తినేవాళ్ళం. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో ఒంటరిగా కూర్చుని, తన రొట్టె తాను కొరుక్కుంటూ, ఇటు వినబడే నవ్వులను లెక్కపెట్టుకోవడం ఎట్లా ఉంటుందో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఒకసారి కూర్చున్నవాడు రెండోసారి బస్తాను వదిలిపెట్టిందే లేదు.

అట్లా ఎందరికో భుజం ఇచ్చి బావ మోకాలు పోగొట్టుకున్నాడు. బస్తా వీపున వేసుకుని వంగితే ఎండిన కట్టె విరిగినట్టు చప్పుడు వచ్చేది. గద్వాల దవాఖానలో డాక్టరు చూసి, ఇంక బరువు ఎత్తితే కాలు పనికిరాకుండా పోతుందని చెప్పాడు. హమాలీ పని లేకపోతే బావకు తెలిసిన రెండో పని మట్టిపని. పెళ్ళయిన కొత్తలో ఆయనా అక్కా ఊరూరా తిరిగి కాలువలు తవ్వినవాళ్ళు. ఎక్కడెక్కడి ప్రాజెక్టుల దగ్గరో గుడారాలు వేసుకుని, వానకు మూటలు నెత్తిన పెట్టుకుని నిలబడినవాళ్ళు. అక్కడి నుంచి వచ్చేసిన రోజే అక్క ఒక మాట అంది. "సచ్చిన గూడ మల్ల గుడారంల పండను." ఆ మాటను ఆమె మళ్ళీ అనవలసిన అవసరం రాలేదు. మా అందరికీ గుర్తుంది.

అందుకే మేనేజర్ సారు వచ్చి, కొత్త బండి వస్తుంది, హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి నేర్పుతాడు, మీలో ఇద్దరికి ట్రైనింగ్, పాసైనవాడికి సీటు అని చెప్పినప్పుడు, గుంపులో ఎవరూ చేయి ఎత్తలేదు. అందరూ బావ వైపు చూశారు. కూర్చుని చేసే పని ఆ గోదాములో అదొక్కటే.

"నేను సైకిలు గూడ సక్కగ తొక్కలేను సారూ," అన్నాడు బావ.

"నేను నేర్పిస్త బావకు. పదేండ్ల సంది ట్రాక్టరు నడుపుతున్న," అని నేను ముందుకు దూకాను. అట్లా రెండో పేరు నాదైంది.

పదేళ్ళు కాదు. మధ్యలో ట్రాక్టరు యజమాని నన్ను రెండుసార్లు మాన్పించాడు.

బండి దిగినప్పుడు చూస్తే ముచ్చటగా ఉంది. చప్పుడు లేదు, పొగ లేదు, అంతా కరెంటు బ్యాటరీ. ముందు రెండు కాళ్ళు నేల మీద చాచి కూర్చున్న ఆవులాగా ఉంటుంది. వాటి మధ్య ఇనుప స్తంభం. ఆ స్తంభానికి రెండు పొడుగాటి కొమ్ములు. మామూలు ఫోర్క్‌లిఫ్టు బరువు కోసం తానే ముందుకు పోతుంది. ఇది అట్లా కాదు. తాను ఉన్నచోటే ఉండి, స్తంభాన్ని ముందుకు చాపి, బస్తాలు పేర్చిన చెక్క పీటను ర్యాకులోంచి అందుకుని, మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంటుంది. అందుకే ఇరుకు సందులో ఇదే పనికొస్తుంది. అన్నిటికంటే విచిత్రం, డ్రైవరు అడ్డంగా కూర్చుంటాడు. బండి పోయేది ఒక వైపు, మనిషి ముఖం ఇంకో వైపు.

"అలిగిన పెండ్లికొడుకు లెక్క కూసుండాల్నా?" అని గుంపులో ఒకడన్నాడు.

ట్రైనింగ్ సారు సన్నగా ఉన్నాడు, మా అందరికంటే చిన్నవాడు. చిన్నా పెద్దా అందరినీ మీరు అనేవాడు. వచ్చిన వెంటనే బండి ఎక్కించలేదు. నేల మీద పసుపు రంగుతో గీతలు కొట్టించి, వాటి పక్కన మమ్మల్నందరినీ నిలబెట్టాడు.

"ఈ గీతకు అవతల బండి, ఇవతల మనిషి. కొమ్ములు పైకి లేచి ఉన్నప్పుడు వాటి కింద ఎవరూ ఉండకూడదు. మీ తల్లి కేకేసి పిలిచినా సరే, పోకూడదు. బండి మీద డ్రైవరు తప్ప ఇంకొకరు ఎక్కకూడదు. బండి ఒరిగినా, బరువు జారినా డ్రైవరు సీటు వదలకూడదు. దిగి పరుగెత్తేవాడి మీదే బండి పడుతుంది. అర్థమైందా?"

అందరం అర్థమైందన్నాం. అంత తొందరగా అర్థమైనదేదీ మనకు అర్థం కానట్టే అని ఇప్పుడు తెలుసు.

మొదట నన్ను ఎక్కించాడు. నేను డ్రైవర్ని కదా. సీటులో అడ్డంగా కూర్చున్నాను. ఎడమ కాలి కింద ఒక పెడల్ ఉంది. దాన్ని తొక్కి పట్టుకుంటేనే బండి కదులుతుంది, కాలు లేపితే ఆగిపోతుంది అని సారు చెప్పాడు. డ్రైవరుకు ఏమైనా అయితే కాలు జారుతుంది, బండి తనంతట తాను ఆగుతుంది, అదీ దాని ఏర్పాటు. నేను తల ఊపాను. బండి నెయ్యిలా జారింది. గుంపంతా చప్పట్లు కొట్టారు. నేను సందు చివర దాకా పోయి, అక్కడ ర్యాకు దగ్గరకు వస్తున్నా ఆపకపోయేసరికి సారు "ఆపండి" అన్నాడు.

ట్రాక్టర్ను ఆపాలంటే ఏం చేస్తాం? ఎడమ కాలితో క్లచ్చి తొక్కుతాం. నేను ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. బండి ఇంకా హుషారుగా పోయింది. "కాలు తీయండి" అని సారు అరుస్తున్నాడు. నేను ఇంకా గట్టిగా తొక్కుతున్నాను. ర్యాకు కాలికి రక్షణగా పెట్టిన ఇనుప కాపుకు బండి తగిలింది, ఆ ఊపుకు నా కాలు లేచింది, బండి ఆగింది.

 తర్వాత బావ నెమ్మదిగా అన్నాడు, "బామ్మర్ది ట్రాక్టరు డ్రైవరు గద. దున్నిండు."

ఆ ఇనుప కాపుకు పడిన సొట్టను తర్వాత చాలా మందికి చూపించి, లారీ గుద్దితే పడిందని చెప్పాను. గోదాము లోపలికి లారీ ఎట్లా వస్తుందని ఎవరూ అడగలేదు.

బావకు ఆ ఇబ్బంది లేదు. ఆయన కాళ్ళకు క్లచ్చి తెలియదు, బ్రేకు తెలియదు. చెప్పింది చెప్పినట్టు చేశాయి. అడ్డంగా కూర్చోవడం కూడా ఆయనకు కొత్తగా లేదు. ఎడ్లబండి తోలేవాళ్ళంతా నొగ మీద కాళ్ళు ఒక పక్కకు వేసి కూర్చునేవాళ్ళే కదా. సారు రెండు మూడు రోజులు చూసి, "పెద్దాయనకు చెయ్యి చక్కగా ఉంది" అన్నాడు. అక్కకు ఆ మాట నేను చేరవేశాను. "సారు అన్నడు, మన బావంత డ్రైవరు హైదరాబాదుల గూడ లేడంట," అని చెప్పాను. అక్క నమ్మలేదు కానీ ఆ పూట నాకు రెండు రొట్టెలు ఎక్కువ వేసింది.

ఒకరోజు సారు ఫోను మాట్లాడటానికి బయటికి పోయాడు. బావ బరువైన పీటను ఎత్తి స్తంభం ముందుకు చాపాడు. బండి వెనక భాగం తేలికైనట్టు అనిపించింది. ఎడ్లబండికి వెనక బరువైతే ఏం చేస్తాం, ముందు నొగ మీద ఒకరిని కూర్చోబెడతాం. ట్రాలీ బరువుకు ట్రాక్టరు మూతి లేస్తే బంపరు మీద ఇద్దరు ఎక్కుతారు. మా దగ్గర పుట్టినవాడికి ఎవరూ నేర్పనక్కరలేని విద్య ఇది. "ఆగు బావా, మేము కూసుంటం," అని నేను బ్యాటరీ పెట్టె మీదికి ఎక్కాను. నా వెనక ఇంకో ముగ్గురు ఎక్కారు. ఒకడు బరువు చాలదేమోనని పక్కనున్న బస్తాను కూడా ఒళ్ళో పెట్టుకున్నాడు.

సారు ఫోను చెవికి పెట్టుకునే లోపలికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు. అవతల మాట్లాడేవాళ్ళకు ఏమీ చెప్పకుండానే ఫోను జేబులో వేసుకున్నాడు.

"పెద్దాయనా, ముందు కొమ్ములు దించండి. మెల్లగా. మీరు నలుగురూ, అది దిగేదాకా కదలకండి."

కొమ్ములు దిగాయి. మేం దిగాం.

"బండి పక్కన ఒక రేకు ముక్క ఉంది, చూశారా? ఎంత బరువు ఎంత ఎత్తుకు లేపొచ్చో దాని మీద రాసుంది. అంతకంటే ఎక్కువైతే పీటలోంచి బస్తాలు తీయాలి. మనుషులను పెట్టకూడదు. బండి ఒరిగితే మీరు నలుగురూ ఏమవుతారు?"

"నలుగురం ఒక్క దిక్కే పడుతం సారూ," అన్నాను నేను. సారు నవ్వలేదు. ఆ రోజు ఇంకేమీ నేర్పలేదు.

దానికి క్షమించాడు. అందరిదీ తప్పు కదా. పరీక్షకు ముందు రోజు జరిగినదానికి మాత్రం క్షమించలేదు.

బావ ఒక పీటను పై ర్యాకుకు లేపుతున్నాడు. మా గుంపువాళ్ళు పేర్చిన పీటే. పై వరుసలో ఒక బస్తా మూల బయటికి ఉంది. సగం ఎత్తుకు పోయేసరికి అది కదిలింది. మేమంతా చూశాం. బావ కూడా చూశాడు. చూసిన మరుక్షణం ఆయన సీటులో లేడు. ఆ మోకాలితో ఆయన అంత వేగంగా దిగగలడని నేను అనుకోలేదు. లేచి ఉన్న కొమ్ముల కిందికి, జారుతున్న బస్తా కిందికి పోయి భుజం పెట్టాడు. బస్తా పడింది, భుజం మీదే పడింది, నేలను తాకలేదు. గుంపంతా "శెబాష్ మేస్త్రీ" అని అరిచింది. నేను అందరికంటే గట్టిగా అరిచాను.

సారు బండి దగ్గరకు పోయి తాళం తీసుకున్నాడు. 

"పైన ఇంకా ఎన్ని బస్తాలున్నాయో చూశారా?"

బావ తల పైకెత్తి చూశాడు.

"రేపటి పరీక్షకు మీరు రావద్దు పెద్దాయనా. మీకు నడపడం వచ్చు. కానీ మీ శవం మీద నేను సంతకం పెట్టలేను."

సాయంత్రం ఇంటికి పోయాం. అక్క పొయ్యి ముందు రొట్టె తట్టుతోంది. జరిగింది నేను చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు.

"ఏంటికి దిగినవ్?" అని అక్క బావను అడిగింది.

"బస్తా జారింది."

"జారితె?"

"కింద పడకూడదు గద."

"ఎవరు పెట్టిండ్రు ఆ కట్టుబాటు?"

బావ భుజం మీది బస్తా దుమ్ము దులుపుకున్నాడు.

అక్క చేతులు కడుక్కుని లేచింది. "తమ్మీ, ఆ పల్లెం తే," అంది నాతో. పల్లెం తెచ్చాను. దాన్ని బావ చేతుల్లో స్టీరింగులా పెట్టించింది. ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టింది. తాను చెక్క పెట్టె ఎక్కి అటక మీది జొన్నల సంచిని అంచుకు లాగింది. "ఇది జారుతది. నువ్వు లేవొద్దు," అని చెప్పి వదిలింది.

బావ లేచాడు. పల్లెం ఎగిరి నా కాలి మీద పడింది. సంచి ఆయన భుజం మీద ఉంది.

రెండోసారి బొంతల మూట వేసింది. బొంతలు పడితే ఏమవుతుంది? అయినా లేచాడు. "నేను లేవలె. ఒళ్ళే లేసింది," అన్నాడు. ఆ మాట నిజమే. నేను పక్కన కూర్చున్నవాణ్ణి కూడా కొంచెం లేచాను.

అప్పుడు అక్క అటక మీది నుంచి కుండ తీసింది. కొత్త కుండ. అమరచింత నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నది. దారంతా డ్రైవరును గుంతలు చూసి పోనియ్యమని సతాయించిందట.

"అక్కా, అది వద్దు," అన్నాను.

"నువ్వు నోరు మూసుకో," అని నాతో అని, బావతో అంది, "నువ్వు లేసినవంటె నా మూట నేను కట్టుకుంట. రేపే పోదాం నడువు, ఆ గుడారాలకే."

వదిలింది. బావ పల్లేన్ని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. పల్లెం అంచు వంగింది. కుండ నేల మీద పడి ముక్కలైంది. ఆయన మంచం మీదే ఉన్నాడు.

"గంతే. ఇంగ అన్నం తినుండ్రి," అని అక్క చీపురు అందుకుంది.

పొద్దున్నే సారును ఒప్పించింది నేనే. ఎర్రవల్లి చౌరస్తా టీ హోటల్లో ఆయన్ను పట్టుకుని వకీలులాగా వాదించానని ఎన్నోసార్లు చెప్పాను. నిజానికి నేను టీ చెప్పాను. టీ కూడా సారే చెప్పాడు. మాట్లాడింది నా వెనకే వచ్చిన అక్క. కుండ ముక్క ఒకటి కొంగులో మూట కట్టి తెచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి, రాత్రి జరిగింది చెప్పింది. సారు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక్క షరతు అమ్మా. ఈరోజు పరీక్షలో పీట మీద బస్తాను నేనే వదులుగా పెట్టిస్తాను. ఎప్పుడు పడుతుందో చెప్పను. ఆయన సీటులోంచి లేస్తే మాత్రం నన్ను ఇంక అడగొద్దు."

"లేస్తె నేనే అడగను సారూ," అంది అక్క.

అదృష్టం ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు కాబట్టి, నేను బీచుపల్లి అంజన్న సిందూరం తెచ్చి బండి స్తంభానికి ఒక చుక్క పెట్టాను. బావ పక్కకు తిరిగి కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకున్నాడు. సారు సిందూరం చూసి, "చక్రాలకు మాత్రం ఏమీ పూయకండి, జారుతుంది" అన్నాడు.

గీతకు ఇవతల అందరం నిలబడ్డాం. మేనేజర్ సారు కూడా వచ్చాడు. నా పరీక్ష ముందే అయిపోయింది. రెండుసార్లు ఆపమన్నారు, రెండుసార్లూ తొక్కాను.

బావ ఎక్కాడు. బెల్టు పెట్టుకున్నాడు. హారన్ కొట్టి, రెండు వైపులా చూసి, కొమ్ములు కిందికే ఉంచి సందులోకి మళ్ళించాడు. పీట కిందికి కొమ్ములు సమంగా పోనిచ్చాడు, ఎత్తాడు, ఒళ్ళోకి లాక్కున్నాడు. ర్యాకు ముందు ఆపి పైకి లేపడం మొదలుపెట్టాడు. ఆయన మెడ పైకెత్తి బస్తాలనే చూస్తున్నాడు. పై వరుసలో ఎడమ మూల బస్తా వదులుగా ఉందని నాకు తెలుసు. సారు పెట్టిస్తుంటే చూశాను. అది పడుతుందని తెలుసు. పడాలనే పెట్టారని కూడా తెలుసు.

అది కదిలింది.

నేను గీత దాటాను. ఎందుకు దాటావంటే ఏం చెప్పను? ఒళ్ళే దాటింది. ఈ భాగం చెప్పేటప్పుడు నేను గాలిలో ఎగిరి బస్తాను రెండు చేతుల్లో పట్టుకున్నానని చెబుతుంటాను. పట్టుకోలేదు. అసలు దాని కిందికే చేరలేదు. నేను నాలుగు అంగలు వేసేసరికి హారన్ మోగింది. ఒక్కసారి కాదు, ఆపకుండా మోగింది. దానితోపాటు బావ గొంతు. "ఆగురా! యాడున్నోడివి ఆడనే ఆగు!"

నా జన్మలో బావ అంత గట్టిగా అరవగా వినలేదు. నిలబడిపోయాను. బస్తా నా ముందు, నేను చేయి చాస్తే అందేంత దూరంలో నేల మీద పడి పగిలింది. పత్తి గింజలు నా బూట్ల మీదుగా గోదాము నేలంతా పారాయి.

బావ సీటులోనే ఉన్నాడు. ఒక చేయి హారన్ మీద, ఒక చేయి స్టీరింగు మీద. ఎడమ కాలు పెడల్ మీది నుంచి లేచి ఉంది. బెల్టు ఆయన పొట్టను కోసేంతగా బిగుసుకుంది, అంటే ఒళ్ళు లేవడానికి చూసింది. ఆయన లేవనీయలేదు.

గుంపులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బస్తా నేల మీద పడి ఉంది. మేస్త్రీ చూస్తుండగా పడింది. అందరూ బూట్ల వైపు చూస్తున్నారు.

"మీరు గీత ఇవతలికి రండి," అని సారు నాతో అన్నాడు. వచ్చాను. అప్పుడు బావ హారన్ మీది నుంచి చేయి తీశాడు. కొమ్ములు మెల్లగా దించాడు. బండిని ఆపి తాళం తీసి సారుకు ఇచ్చాడు.

"పాస్," అన్నాడు సారు. "ఈయన వల్ల ఒక మనిషి బతికాడు. ఈ ట్రైనింగ్ మొత్తం దానికే."

బావ విన్నాడో లేదో. కుంటుకుంటూ పోయి, వంగని మోకాలిని పక్కకు చాపి కూర్చుని, గింజలను దోసిళ్ళతో ఎత్తి చిరిగిన బస్తాలో పోయసాగాడు.

"అవి పనికిరావని తీసేసిన గింజలే పెద్దాయనా. ఊడ్పించేద్దాం," అన్నాడు సారు.

"ఆ సంగతి గింజకు తెల్వదు గద సారూ," అన్నాడు బావ.

మధ్యాహ్నం బట్ట పరిచారు. రొట్టెలు మధ్యలో పడ్డాయి. బావ తన సద్ది మూట తీసుకుని బస్తాలు తూచే కాటా పక్కకు పోయి, గోడకు ఆనుకుని ఒక్కడే కూర్చున్నాడు. గుంపులో పెద్దవాడొకడు పిలిచాడు. "మేస్త్రీ, ఇటు రావయ్యా. అది బండి బస్తా. మన లెక్కల రాదు."

"బస్తా బస్తానే. నేను పెట్టిన కట్టుబాటు నాకు లేదా?" అన్నాడు బావ, అటు చూడకుండా.

నేను నా మూట తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"నువ్వెందుకు వచ్చినవ్?" అన్నాడు.

"నేను గూడ భుజం ఇయ్యలె గద బావా."

"నీకు భుజం ఎప్పుడున్నదిరా?"

కాసేపటికి ట్రైనింగ్ సారు తన టిఫిన్ డబ్బా పట్టుకుని మా వైపు వచ్చాడు. మేమెందుకు ఇక్కడ కూర్చున్నామో ఆయనకు తెలియదు. "ఇక్కడ గాలి బాగా వస్తోందా?" అని అడిగి మా ముందే కూర్చున్నాడు. బావ తన రొట్టెలో సగం విరిచి ఆయన డబ్బా మూతలో పెట్టాడు. నేను అసలు సంగతి చెప్పాను. సారు రొట్టె నములుతూ విన్నాడు.

"కట్టుబాటు మంచిదే. కానీ దాన్ని తిప్పి పెట్టాలి," అన్నాడు చివరికి.

బావ ఆ పూటంతా ఆలోచించాడు. మర్నాడు పనికి ముందు గుంపును పసుపు గీత పక్కన నిలబెట్టాడు. తాను బండి పక్కన నిలబడ్డాడు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క ఉపన్యాసం అది.

"ఇన్నొద్దులు బస్తా కోసం ఉరకనోడు ఒక్కడే తినిండు. ఇంగ అది లేదు. ఇయ్యాల్టి సంది బస్తా కోసం ఉరికినోడే ఒక్కడు తినాలె. గీత దాటినోడు ఎవడైన సరే. జారితె జారనీ. పగిలితె పగలనీ. నేను పోయి ఏరుకుంట."

గొణిగారు. విత్తనం నేల పాలైతే ఎట్లా అన్నారు. మా తాతల నాటి నుంచి లేనిది అన్నారు. మా గుంపు పుట్టి పదేళ్ళు కూడా కాలేదు, తాతలు ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. కానీ చెప్పింది మేస్త్రీ కాబట్టి ఒప్పుకున్నారు. పీటల మీద బస్తాలు పేర్చేటప్పుడు ఇదివరకటి కంటే జాగ్రత్తగా, మూలలు చూసి, తాడు బిగించి పేర్చడం కూడా అప్పుడే మొదలైంది. పట్టుకోవడానికి ఎవరూ రారని తెలిస్తే చేయి తనంతట తాను సరిగ్గా పేరుస్తుంది.

బావ ఆ సీటులో చాలా ఏళ్ళు కూర్చున్నాడు. అక్క మళ్ళీ గుడారంలో పడుకోలేదు. కొత్త కుండ కూడా కొనుక్కుంది, దాన్ని అటక మీద పెట్టలేదు. నన్ను కంపెనీవాళ్ళు మళ్ళీ బండి ఎక్కనీయకుండా కుట్టు ఊడిన బస్తాలు చూసే పనిలోనే ఉంచారు. నాకూ అదే ఇష్టమని అందరికీ చెప్పాను.

కొత్త కట్టుబాటు కింద కాటా పక్కన ఒంటరిగా కూర్చున్న మొదటివాణ్ణి నేనే. ఈ మొదటితనంలో మాత్రం ఏ కల్పనా లేదు. ఒక్కసారే కూర్చున్నానని చెబుతుంటాను. ఒక్కసారి కాదు. బస్తా కదిలితే నా కాలు కదిలేది. హారన్ మోగేది. గుంపు నవ్వేది. ఆ కాటా పక్క గోడ మీద నా వీపు ఆనిన చోట సున్నం పోయిందని కూడా చెబుతారు. అది వాళ్ళ అతిశయోక్తి. నాకు వేరేవాళ్ళ అతిశయోక్తులు నచ్చవు.

పొద్దున సద్ది కడుతూ అక్క రోజూ అడిగేది. "ఇయ్యాల గీత ఇవతల్నా, అవతల్నా?"

"ఇవతలే అక్కా," అనేవాణ్ణి.

"సరే," అని అక్క నా రొట్టెలతో పాటు నాకు మాత్రమే సరిపోయే పచ్చడి వేరుగా, చిన్న డబ్బాలో పెట్టి మూట కట్టేది.